పిన్నీసుల పాట కోసం ఏడొందల కిలోమీటర్లు

మాగాయ కొలతలు అడుగుతూ ఉత్తరాలు రాసినవాళ్ళంతా ఈ ఒక్క వారం నన్ను క్షమించాలి. ఆ కొలతలు వచ్చే వారం తప్పకుండా ఇస్తాను. ఈ వారం మాత్రం నా మనసులో ఎప్పట్నుంచో నలుగుతున్న ఒక ప్రయాణం సంగతి చెప్పేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు. ఇది 2025 మార్చి నాటి మాట.

మా అమ్మాయి అప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. నాలుగు నెలలపాటు మా అపార్ట్‌మెంట్ పిల్లలకి లెక్కలు చెప్పి, ఆ డబ్బుతో ముంబయిలో జరిగే ఒక సంగీతోత్సవానికి టిక్కెట్టు కొనుక్కుంది. సంగీతమంటే త్యాగరాజ కీర్తనలూ కాదు, సినిమా పాటలూ కాదు. పంక్ అట! "అంటే ఏమిటే?" అనడిగితే గంటసేపు చెప్పింది. అమెరికాలో న్యూయార్క్‌లోనూ, ఇంగ్లండులో లండన్‌లోనూ 1970ల మధ్యలో కుర్రకారు మొదలుపెట్టారట. సంగీతం గొప్పగా నేర్చుకోనక్కర్లేదు, గిటారు మీద మూడు స్వరాల మెట్లు వస్తే చాలు, మనసులో ఉన్న కోపం ధైర్యంగా పాడెయ్యడమేనట. రామోన్స్ అనేవాళ్ళ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చిందట. అందులో పాటలు పద్నాలుగు. అన్నీ కలిపినా అరగంట నిండదు! మనకి కుక్కర్ పెట్టి, పోపు వేసి, పచ్చడి రుబ్బేలోపు ఆల్బమ్ మొత్తం అయిపోతుందన్నమాట.

చిరిగిన బట్టలు పిన్నీసులతో గుచ్చి తొడుక్కోవడం వాళ్ళకి ఫ్యాషనట. అది వినగానే నాకు నవ్వాగలేదు. మన చేతి గాజులకి అరడజను, మంగళసూత్రానికి రెండూ పిన్నీసులు వేలాడుతూ ఉండవూ? ఆ లెక్కన మనమందరం పంకులమే!

ఆ ఉత్సవంలో మార్చి 9 ఆదివారం రాత్రి గ్రీన్ డే అనే అమెరికన్ బృందం పాడుతుంది. కాలిఫోర్నియా వాళ్ళు, 1980ల చివర్లో మొదలుపెట్టారు. మన దేశానికి రావడం అదే మొదటిసారి. మా అమ్మాయికి పదో తరగతి నుంచీ వాళ్ళంటే ప్రాణం.

ఒక్కర్తినీ రాత్రి బస్సులో పంపనని మావారు భీష్మించుకున్నారు. పోనీ నేను తోడు వెళ్తానన్నాను. "ఇద్దరాడాళ్ళు ముంబయిలోనా?" అన్నారు. చివరికి ఆయనే, "కార్లో నేనే తీసుకెళ్తా, ఏం పర్వాలేదు" అన్నారు. అమ్మాయి ఎగిరి గంతేసింది. నాకు మాత్రం ఎడమ కన్ను కాదు, కుడి కన్నే అదిరింది. పాతికేళ్ళ కాపురం చేసినదాన్ని కదండీ! ఆయన ఒక పని మీద బయల్దేరితే దానికి ఇంకో మూడు పనులు తగిలిస్తారని నాకు తెలియదూ?

శనివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి, రాత్రికి పుణేలో ఆగి, ఆదివారం మధ్యాహ్నానికి ముంబయి చేరాలి. ఇదీ మా అమ్మాయి కాగితం మీద రాసుకున్న లెక్క. ఐదింటికి మావారు కారు కడగడం మొదలుపెట్టారు. తర్వాత టైర్లలో గాలి. తర్వాత పుణేలో ఉండే స్నేహితుడికి ఇవ్వాల్సిన ఆవకాయ జాడీ కోసం ఎదురుచూపు. మేం మియాపూర్ దాటేసరికి తొమ్మిదిన్నర. అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టేసుకుంది.

జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా దాకా బాగానే ఉంది. నల్‌దుర్గ్ రాగానే ఆయన కారు కుడివైపు తిప్పారు. "ఇంతదూరం వచ్చి తుల్జా భవాని దర్శనం చేసుకోకుండా ఎలా వెళ్తాం?" అన్నారు. చుట్టు తిరిగే దూరం పెద్ద ఎక్కువేం కాదు. అమ్మవారంటే నాకూ భక్తే. కానీ శనివారం సాయంత్రం క్యూ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? దర్శనమై బయటపడేసరికి ఏడున్నర. క్యూలో ఉన్నంతసేపూ మా అమ్మాయి ఒక్క మాట మాట్లాడలేదు. అరిచినా బాగుండేది. నాకు ఆ మౌనమే భయం వేసింది.

అక్కణ్ణించి సోలాపూర్ నలభై అయిదు కిలోమీటర్లు. ఇంకో పది ఉందనగా కారులో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి! మావారు దిగి రేడియేటర్ మూత తియ్యబోతుంటే చెయ్యి పట్టుకుని లాగాను. ఇది మీరూ గుర్తుపెట్టుకోండి. ఇంజను వేడిగా ఉండగా ఆ మూత తీస్తే కుక్కర్ వెయిట్ తీసినట్టే మొహం మీదకి చిమ్ముతుంది. అరగంట పైనే ఆగాలి. నీళ్ళు పోస్తూ, ఆగుతూ, నత్తలా పాకుతూ పదకొండింటికి ఏదో లాడ్జి చేరాం. రేడియేటర్ గొట్టం చీలిపోయిందని తేలింది.

ఆదివారం పొద్దున్న వెతికితే ఏ షెడ్డూ తియ్యలేదు. మాకు మరాఠీ రాదు, మావారి హిందీ దేవుడెరుగు. లాడ్జి పక్క సందులో ఒకావిడ అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతోంది. మా గొడవ విని, "ఏ ఊరు బిడ్డా మీది?" అంది. తెలుగు! నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. సోలాపూర్‌లో మిల్లులకీ, మగ్గాలకీ తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలు వేలమంది ఉన్నారని పుస్తకంలో చదువుకోవడం వేరు, ఆపదలో వాళ్ళ మాట చెవిన పడటం వేరు. మనం కప్పుకునే సోలాపూర్ దుప్పట్లు నేసిన చేతులవి. "మా తాతలు కరీంనగర్ దిక్కుకెళ్ళి వచ్చిన్రు. నేను ఆ ఊరు ఎన్నడు సూడలే" అంది.

మనవణ్ణి పిలిచి మెకానిక్ ఇంటికి పంపింది. ఆ అబ్బాయి వచ్చాడు గానీ, స్పేర్ పార్టుల కొట్టాయన్ని నిద్ర లేపి గొట్టం తెచ్చేసరికి పదకొండున్నర. పైగా ఆ రోజు దుబాయ్‌లో న్యూజిలాండ్‌తో ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్. రెండున్నరకి మ్యాచి మొదలవుతుంది కాబట్టి మెకానిక్ చేతులు చకచకా ఆడాయి. క్రికెట్టుకి జన్మలో మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.

ఈలోగా ఆ పెద్దావిడ మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. వేడన్నం వండి పెట్టింది. నేను ప్రయాణాలకి కలిపిన పులిహోర తీసుకెళ్ళను. చింతపండు పులుసు దగ్గరికి ఉడికించి, పోపు, ఇంగువ, మెంతిపొడి దట్టించి, నూనె పైకి తేలేలా చేసి గాజు సీసాలో పట్టుకెళ్తాను. ఎక్కడ వేడన్నం దొరికితే అక్కడ పులిహోర. ఎండల్లో పాడవుతుందన్న బెంగ ఉండదు. ఆవిడ రెండు ముద్దలు తిని, "మా అమ్మ జేసినట్టున్నది" అంది. సీసాలో సగం ఆవిడకే ఇచ్చేశాను.

పన్నెండున్నరకి కదిలాం. భిగ్వాన్ దగ్గర ఉజని జలాశయంలో రాజహంసలుంటాయట, ఎవరు చూశారు! హడప్సర్‌లో ఆవకాయ జాడీ ఇవ్వడానికి ఆగాం. "అయిదు నిమిషాలు" అన్నారు. ఆ స్నేహితుడి భార్య పాపం మంచిది, టీ అంది, పోహా అంది. ముప్ఫై అయిదు నిమిషాలు. అమ్మాయి కారు దిగలేదు.

లోనావాలా దాటాక ఖండాలా ఘాట్‌లో మొత్తం ఆగిపోయింది. ఆదివారం సాయంత్రం ముంబయి వాళ్ళంతా షికారు ముగించుకుని ఇళ్ళకి తిరిగొచ్చే వేళ అది. ఎటు చూసినా ఎర్రదీపాలే. పక్క కార్లో ఎవరో ఫోన్లో మ్యాచి వింటున్నారు. అప్పుడు మా అమ్మాయి నెమ్మదిగా అంది, "ఇంక వెనక్కి తిప్పెయ్ నాన్నా. పదింటికి మైకులు ఆపేస్తారు. మనం అందుకోలేం." ఆ గొంతులో కోపం లేదండీ. అలవాటైపోయినట్టుంది.

ఆ గొంతు నాకు తెలుసు. నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా జిల్లా కేంద్రంలో సినిమా పాటల కచేరీ జరిగింది. నా స్నేహితురాళ్ళంతా వెళ్ళారు. "రాత్రిపూట ఎవరు తీసుకొస్తారు?" అన్నారు మా నాన్నగారు. "సరే నాన్నా" అన్నాను, సరిగ్గా ఇలాగే.

ఘాట్ దిగి పన్వేల్ చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కడ రెండు దారులు. 2024 జనవరిలో తెరిచిన అటల్ సేతు ఒకటి. సముద్రం మీద కట్టినది, ఇరవై రెండు కిలోమీటర్లకి ఓ పిసరు తక్కువ. దాని మీద వెళ్తే సూటిగా సేవ్రీలో దిగుతాం. రెండోది వాశీ మీదుగా, ఊరంతా చుట్టి. మావారు వాశీ వైపే మొగ్గారు. "వంతెనకి రెండొందల యాభై రూపాయల టోలు. వాశీలో అయితే కార్లకి టోలు తీసేశారు, 2024 అక్టోబరులోనే!" అన్నారు, పెద్ద లాభం చూపించినట్టు.

నేను పర్సు తెరిచి రెండు వందల కాగితం, ఓ యాభై తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. "ఏమండీ, తుల్జాపూర్ మీ మొక్కు, ఆవకాయ మీ స్నేహితుడిది. ఈ వంతెన మాత్రం నాది. తిప్పండి."

నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. ఆయన నావైపు ఒకసారి చూసి, మారు మాట్లాడకుండా తిప్పారు.

చీకట్లో సముద్రం కనిపించలేదు, గాలి మాత్రం ఉప్పుగా తగిలింది. తొమ్మిదిన్నరకి మహాలక్ష్మి రేసుకోర్సు దగ్గర కారు ఆగీ ఆగకముందే అమ్మాయి దూకేసింది. కారు తలుపుకి పట్టుకుని జాకెట్టు చెయ్యి బర్రున చిరిగింది. నా గాజుకున్న పిన్నీసులు మూడు లాగి గుచ్చాను. "ఇప్పుడు సరిగ్గా ఉంది" అని, రెండు రోజుల్లో మొదటిసారి నవ్వి, పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

టిక్కెట్టు ఒక్కటే కదా, నేను రోడ్డు మీదే నిలబడ్డాను. గోడ అవతల్నుంచి డ్రమ్ముల మోత వచ్చి నా గుండెల్లో తగిలింది. ఏ పాటో, ఏ మాటో నాకేం తెలియలేదు. వేలమంది ఒక్క గొంతుతో పాడుతున్నారని మాత్రం తెలిసింది. అంతలో చుట్టూ ఒక్కసారిగా కేకలు, టపాసులు! పాటకేమో అనుకున్నాను. కాదట, ఇండియా ట్రోఫీ గెలిచిందట. బెలూన్లమ్మే అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

పది దాటాక అమ్మాయి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. ఎంతసేపు చూశావే అంటే వేళ్ళతో చూపించింది, ఇరవై నిమిషాలు. "ఇరవై నిమిషాలకా ఇంత ప్రయాణం?" అన్నారు మావారు. అది సమాధానం చెప్పలేదు, నాకూ చెప్పాలనిపించలేదు. ఫుట్‌పాత్ మీద బన్నుల్లో మిగిలిన పులిహోర పులుసు రాసుకుని తిన్నాం. చెప్పొద్దూ, బాగానే ఉంది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మావారు ఎవరూ అడక్కుండానే అటల్ సేతు ఎక్కారు. "పగలైతే సముద్రం కనిపిస్తుంది కదా" అన్నారు, మావైపు చూడకుండా. వెనక సీట్లో నా ఒళ్ళో తల పెట్టుకుని అమ్మాయి నిద్రపోతోంది, జాకెట్టు విప్పనేలేదు. నా మూడు పిన్నీసులు ఈరోజుకీ తిరిగి ఇవ్వలేదు.