క్షయపై పోరు: మందులు సరే, తిండి మాటేమిటి?

2025 నాటికి దేశంలో క్షయను అంతం చేస్తామన్న కేంద్రం గడువు దాటిపోయింది. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసులు 2024లో 187కు తగ్గాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తగ్గుదల నిజమే, కానీ లక్ష్యానికి చాలా దూరం. ప్రపంచ టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నా ఇదీ పరిస్థితి. కారణాల్లో ఒకటి తెలియాలంటే ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలి.

ఊపిరితిత్తుల్లోకి చేరిన టీబీ క్రిమిని మ్యాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు మింగేస్తాయి. మింగుతాయి గానీ చాలాసార్లు చంపలేవు. క్రిమి ఆ కణంలోనే కాపురం పెడుతుంది. అప్పుడు డెండ్రైటిక్ కణాలు క్రిమి ఆనవాళ్లను లింఫ్ గ్రంథులకు మోసుకెళ్లి టీ కణాలకు చూపిస్తాయి. దీనికి వారాలు పడుతుంది. అలా సిద్ధమైన సీడీ4 టీ కణాలు ఊపిరితిత్తులకు వచ్చి ఇంటర్‌ఫెరాన్ గామాను విడుదల చేస్తాయి. దాంతో మ్యాక్రోఫేజ్‌కు తాను మింగిన క్రిమిని చంపే సత్తువ వస్తుంది. చావని క్రిముల చుట్టూ ఈ కణాలన్నీ కలిసి గోడ కడతాయి. వైద్యులు దాన్ని గ్రాన్యులోమా అంటారు. క్రిమి సోకినా ఎక్కువ మంది జబ్బు పడకపోవడానికి ఈ ఉమ్మడి పనే కారణం.

హెచ్‌ఐవీ సీడీ4 కణాలను నాశనం చేస్తే ఆ గోడ కూలుతుంది. తిండి చాలకపోయినా టీ కణాలు తగ్గి, గోడ బలహీనపడుతుంది. భారత్‌లో టీబీకి హెచ్‌ఐవీ కన్నా పోషకాహార లోపమే పెద్ద కారణం. పేదవాడి జబ్బు అని ఊరికే అనలేదు.

జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో జరిగిన రేషన్స్ అధ్యయనం దీన్ని రుజువు చేసింది. రోగుల ఇళ్లలోని వారికి తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లలో కొత్త టీబీ కేసులు 39 శాతం తగ్గాయి. 2023లో ఈ ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి.

నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయాన్ని 2024 నవంబరులో వెయ్యికి పెంచారు. మంచిదే. అయితే ఈ డబ్బు రోగికే, అదీ జబ్బు బయటపడ్డాక. అదే గదిలో దగ్గును పీలుస్తూ పడుకునే భార్యాబిడ్డలకు దక్కేది దాతలు సమకూర్చే నిక్షయ్ మిత్ర ఆహార బుట్ట. దాత దొరికితేనే.