గ్రంథసంపద గ్రామములకు దక్కవలదా?

విశ్వవిద్యాలయమునకు ప్రాణము గ్రంథాలయము. 1918 లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున సంస్కృతాంధ్ర తాళపత్రములు, అరబ్బీ, పారసీక వ్రాతప్రతులు, ఉర్దూ గ్రంథములు, ఆంగ్లమున నవీన శాస్త్రములు ఒక్కచోట కొలువుదీరియున్నవి. విద్య ఏ యొక్క భాషకును సొత్తు కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1917 లో ఏర్పడిన అనువాదశాఖ పాశ్చాత్యశాస్త్రములను ఉర్దూలోనికి తెచ్చి, ఉన్నతవిద్యకు దేశభాషలు చాలవను వాదమును పూర్వపక్షము చేసినది. తెలుగునకు నాడు ఆ రాజాదరణ లభింపలేదు. 1901 లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వంటి ప్రజాసంస్థలే మన భాషను నిలిపినవి.

ఆ గ్రంథసంపదలో పల్లెలకు భాగమెంత? 1908 నాటి మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల నడుమ మొయినాబాదు గలదు. ఆ సీమలో కురిసిన వాన దశాబ్దములపాటు నగరము దాహము దీర్చినది. నగరమున పోగైన విద్య ఆ సీమకు మరలి రావలదా?

విశ్వవిద్యాలయము తాళపత్రములకు ఛాయాప్రతులు తీయించి, గ్రంథపట్టికను తెలుగున ప్రకటించి, చేవెళ్ళ, మొయినాబాదు పఠనమందిరములకు గ్రంథములను ఎరువిచ్చు ఏర్పాటు చేయవలెను. శాసనసంపుటమైనను, కృషిశాస్త్రమైనను కోరిన విద్యార్థికి తన యూరనే లభింపవలెను. రైతు చెల్లించిన పన్నుతో కొన్న పుస్తకము రైతుబిడ్డ చేతికి అందనినాడు అది బీరువాలోని బందీయే.