ఓరుగల్లులో లినక్సు, ఊరవతల నేను

హనుమకొండలోని ఇంటి లినక్సు కంప్యూటరును పొరుగూరినుండి నడపటానికి వీఎన్‌సీ ఒక్కటే చాలునని మిత్రులు కొందరంటారు. చాలదంటాను నేను. దాని మూలపద్ధతిలో సంకేతపదం 8 అక్షరాలు దాటితే మిగిలినది లెక్కలోకి రాదు. తెరమీది బొమ్మలూ, నొక్కిన మీటలూ గుప్తీకరణ లేకుండానే ప్రయాణిస్తాయి. నాన్నగారి బ్యాంకు కాగితాలూ, అచ్చుకాని నా కథలూ ఉన్న యంత్రానికి రౌటరులో 5900 పోర్టు తెరవడమంటే వీధి తలుపు బార్లా తీసి ఊరెళ్ళడమే!

రాతికోట ఉండగా దాని వెలుపల కాకతీయులు మట్టికోటను ఊరికే కట్టించలేదు. 1995లో ఫిన్లండులో పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ మనకా మట్టికోట. వీఎన్‌సీని లోకల్‌హోస్టుకే పరిమితం చేసి, తాళంచెవుల జతతో ఎస్‌ఎస్‌హెచ్ సొరంగంగుండా వెళ్ళడమే క్షేమం. సంకేతపదంతో ప్రవేశాన్ని పూర్తిగా మూసేయాలి. రహస్యపు చెవిని మాత్రం ఇంటర్నెట్ సెంటరు కంప్యూటరులో పెట్టకండి, దయచేసి!