మందలింపుతో షుగర్ దిగదు

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రెండు రోజులు అన్నం మానేసి, రొట్టెతో సరిపెట్టుకుని, పరగడుపు పరీక్షలో మంచి అంకె తెచ్చుకునేవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆ గుట్టు విప్పేస్తుంది. 'నోరు కట్టుకోలేరా?' అని ఆసుపత్రిలో మందలింపు, ఇంటికొచ్చాక పిల్లల నుంచీ అదే మాట. ఆ తర్వాత ఆ మనిషి పరీక్షకే వెళ్లడు.

దీన్ని మొండితనం అనుకోవడం అన్యాయం. పరిస్థితిని మార్చగలమనిపిస్తే మనిషి సమస్య మీదే పనిచేస్తాడని, తన చేతిలో ఏమీ లేదనిపిస్తే మనసులోని బాధను తగ్గించుకునే దారి వెతుక్కుంటాడని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లోనే వివరించారు. ఈ రెండో దారి చెడ్డదేమీ కాదు. గుడికెళ్లడం, స్నేహితుడితో మనసు విప్పి మాట్లాడటం ఊరటనిస్తాయి. జబ్బు లేనట్టే నటించడం, దాచడం, 'రాసిపెట్టి ఉంది' అని వదిలేయడం మాత్రం ఆరోగ్యాన్నీ, బతుకులోని సంతోషాన్నీ హరిస్తాయి.

అసలు ఎవరి చేతిలో ఎంత ఉంది? ఇంటిల్లిపాదికీ వండే ఇల్లాలు తన ఒక్కదానికోసం వేరే వండుకోదు. షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల వేసుకుని పనికెళ్లిన కూలీకి భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయి చెమటలు పట్టి, కళ్లు తిరుగుతాయి. మర్నాడు బిళ్ల మానేస్తాడు. కేసు కాగితంలో అతను 'మందులు సరిగా వాడని రోగి'. కానీ అతన్ని ఆపింది భయం. ఆ భయం సంగతి అడిగి ఉంటే బిళ్లో, వేళో మార్చగలిగేవారు.

ఇన్సులిన్ విషయంలో జరుగుతున్నది మరీ బాధాకరం. ఏళ్లు గడిచేకొద్దీ శరీరంలో ఇన్సులిన్ తయారీ తగ్గడం టైప్-2 మధుమేహం స్వభావం. అయినా అది రోగి తప్పన్నట్టు 'ఇలాగే ఉంటే సూదే గతి' అని బెదిరిస్తుంటాం. వైద్యాన్నే శిక్షగా చూపిస్తే ఎవరు ఇష్టంగా తీసుకుంటారు?

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో బతుకుతున్నారు. రోజూ తిండి లెక్కలు, మాత్రలు, పరీక్షలతో వచ్చే విసుగు, దిగులు డిప్రెషన్‌తో సమానం కావు. వాటిని కొలిచే 20 ప్రశ్నల పట్టిక 1995 నుంచే ఉంది. రోగుల మానసిక స్థితినీ క్రమం తప్పకుండా పరిశీలించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2016లో స్పష్టంగా సూచించింది.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అంత పెద్ద పట్టిక కుదరకపోవచ్చు. బీపీ, షుగర్ చూసే చోటే 'మీకు ఏది కష్టంగా ఉంది?' అన్న ఒక్క ప్రశ్న అడగడం, జవాబును కేసు కాగితంలో రాయడం మాత్రం ఈ నెల నుంచే మొదలుపెట్టవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఆ మేరకు ఆదేశాలివ్వాలి.