‘ఖర్చులతో సహా’ అంటే ఎంత?

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత. గెలిచినవాడి ఏడుపులో సగం లాయరు ఫీజు గురించే!

చేబదులు తీసుకున్నవాళ్లు ఎగ్గొడితే దావా వేశారనుకోండి. నాలుగైదేళ్లకు ‘ఖర్చులతో సహా’ డిక్రీ వచ్చింది. ఇక లాయరుకిచ్చిందంతా ఎదుటివాళ్లు కట్టాల్సిందే అనుకుంటాం. కానీ లెక్క అలా ఉండదు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఖర్చులు ఇప్పించడం జడ్జి విచక్షణ. మామూలుగా ఓడినవాళ్లే ఇవ్వాలి. వద్దనుకుంటే జడ్జి కారణం రాయాలి. అన్నదమ్ముల పంపకాల దావాల్లో ‘ఎవరి ఖర్చులు వారివే’ అనడం తరచూ చూస్తుంటాం. ఖర్చులు ఇప్పించినా, అందులో చేరే లాయరు ఫీజు మీరిచ్చినంత కాదు... దావా విలువను బట్టి రూల్సులో రాసి ఉన్నంత.

ఢిల్లీ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో గెలిచినవారికి ఏకంగా 45 లక్షల 28 వేల రూపాయలు ఇప్పించింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రూల్సు ప్రకారం వచ్చే ఖర్చులు, పైన 3 వేలు చాలంది. ఖర్చులు వాస్తవానికి దగ్గరగా ఉండాల్సిందే, కానీ అందుకు ముందు చట్టాన్ని, రూల్సును మార్చాలన్నది కోర్టు మాట.

ఆ 3 వేలు ఎక్కడివంటారా? తెలిసీ తప్పుడు దావా వేసినా, తప్పుడు వాదన చేసినా 35ఎ సెక్షన్ కింద వేయగల పరిహారానికి అదే గరిష్ఠ పరిమితి. 1976 సవరణలో పెట్టిన అంకె. ఇల్లు ఖాళీ చేయకుండా ఏళ్లకేళ్లు లాగేవాడికి అదొక లెక్కా?

2015 చట్టంతో వాణిజ్య వివాదాలకు మాత్రం ఈ పరిమితి పోయింది. న్యాయమైన లాయరు ఫీజు ఇప్పించవచ్చు. సబబైన రాజీని ఎవరు కాదన్నారో కూడా జడ్జి చూస్తారు. ఇంటి గొడవలకు, పొలం గట్ల తగాదాలకు పాత లెక్కే.

అందుకే దావాలోనే ఖర్చులు అడగండి. లాయరు ఫీజుకు రసీదు తీసుకోండి. తీర్పులోపు ఫీజు సర్టిఫికెట్ దాఖలు చేయమని లాయరుకు గుర్తుచేయండి. అది లేక ఖర్చుల పట్టీలో ఫీజు గడి ఖాళీగా మిగిలిపోయిన డిక్రీలు ఎన్నో! కోర్టు ఫీజు, సాక్షుల బత్తా కాగితాలూ దాచుకోండి.

ఇంకో మాట. కోర్టులో ఉన్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. గెలిచి ఇంటికొచ్చి ఏడ్చేకంటే అది నయమేమో, ఇంట్లో కూర్చుని ఓసారి లెక్కేసుకోండి.