హ్యాండిల్ సరిచేశారు సరే, మనిషి సంగతి?

స్కూటరు మీద నుంచి పడితే మనవాళ్ళు మొదట చేసే పని ఏమిటో మాకు తెలుసు. బండిని లేపి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య బిగించి, వంకరపోయిన హ్యాండిల్‌ను బలంగా మెలితిప్పుతారు. చూపుకు తిన్నగా కనబడితే చాలు, "ఏం కాలేదు, పదండి" అంటూ స్టార్టు చేస్తారు. ఒంటికి ఏం తగిలిందో ఇంటికి వెళ్ళాక చూసుకుంటారు. ఈ వరుస తలకిందులుగా ఉందని మా అభిప్రాయం.

ఒక ఆదివారం సాయంత్రం ఒక తండ్రి మోచేతి గాయానికి కట్టు కట్టించుకోవడానికి మా దగ్గరకు వచ్చాడు. ఏడేళ్ళ బాబును ముందు నిలబెట్టుకొని వస్తుంటే బండి గుంతలో పడిందట. "వాడికేం కాలేదు సిస్టరమ్మా, హ్యాండిల్ కొన కాస్త పొడుచుకుంది. హ్యాండిల్ అక్కడే సరిచేసేశాను" అన్నాడు. చొక్కా ఎత్తి చూస్తే బొడ్డుకు పైన రూపాయి బిళ్ళంత కమిలిన మచ్చ. డాక్టరుగారు చూసేదాకా ఉండమన్నాం. పొద్దున్నే బడి ఉందని తీసుకువెళ్ళిపోయారు. మర్నాడు మధ్యాహ్నానికి వాంతులతో, కడుపు పట్టుకొని మెలికలు తిరుగుతున్న బిడ్డను ఎత్తుకొచ్చారు. స్కానింగులో క్లోమానికి దెబ్బ తగిలినట్టు తేలింది. బాబు కోలుకున్నాడు గాని, మూడు వారాలు మంచం మీదే ఉన్నాడు. ఆ సాయంత్రం గట్టిగా చెప్పి ఆపలేకపోయామే అని మాకు ఇప్పటికీ బాధే.

హ్యాండిల్ కొన చిన్నది. పడ్డప్పుడు ఒంటి బరువంతా ఆ చిన్న చోటే పడుతుంది. పిల్లల పొట్ట కండరాలు పలుచన. లోపలి క్లోమం, చిన్న పేగు మొదటి భాగం వెన్నెముకకు ఆనుకొని నలిగిపోతాయి. కాలేయానికి, ప్లీహానికి కూడా దెబ్బ తగలవచ్చు. పైకి చిన్న మచ్చే కనబడుతుంది. నొప్పి, వాంతులు కొన్ని గంటలకో, ఒక్కోసారి మరునాటికో బయటపడతాయి.

ప్రతి గీరుకూ ఆస్పత్రికి పరుగెత్తాలా అని అడుగుతారు. అక్కరలేదు. కాని హ్యాండిల్ పొట్టలో పొడుచుకుంటే మాత్రం నొప్పి లేకపోయినా అదే రోజు చూపించండి. కడుపు నొప్పి పెరగడం, పొట్ట ఉబ్బడం, వాంతులు, ఒళ్ళు పాలిపోవడం, కళ్ళు తిరగడం, ఎడమ భుజంలో నొప్పి, మూత్రంలో రక్తం కనబడితే ఆలస్యం చేయవద్దు. తలకు దెబ్బ తగిలి మత్తుగా ఉన్నా అంతే. నోటికి ఏమీ ఇవ్వకుండా 108కి ఫోను చేయండి.

బండి విషయంలోనూ మోకాళ్ళ వైద్యం మంచిది కాదు. హ్యాండిల్ వంకరపోయిందంటే ఫోర్కులు క్లాంపుల్లో మెలి తిరిగి ఉండవచ్చు, లేదా ఫోర్కే వంగి ఉండవచ్చు. మొదటిదైతే మెకానిక్ బోల్టులు వదులు చేసి, చక్రానికి హ్యాండిల్‌ను సరిగ్గా అడ్డంగా నిలిపి, కంపెనీ చెప్పినంత బిగువుకు బిగిస్తాడు. రెండోదైతే ఆ భాగాన్ని మార్చవలసిందే, సుత్తితో కొట్టి సరిచేయకూడదు. చేత్తో మెలితిప్పితే రెండూ పైకి ఒకేలా కనబడతాయి. అందులోనే ఉంది ప్రమాదం. సరిచేశాక హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించి చూడండి. ఎక్కడా పట్టేయకూడదు, ఇంజను శబ్దం దానంతటదే పెరగకూడదు, బ్రేకులు సరిగా పడాలి. చినిగిపోయి లోపలి గొట్టం కొన బయటపడ్డ రబ్బరు గ్రిప్పు ఉంటే వెంటనే మార్పించండి. ఆ ఇనుప అంచు పొట్టలో దిగబడితే గాయం మరింత లోతుగా అవుతుంది.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డను ముందు నిలబెట్టకండి. హ్యాండిల్‌కు మొదట తగిలేది వాడి పొట్టే, వాడి తలే. బండి నడిపేవారి వెనుక ఒక్కరే కూర్చోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 9 నెలల నుంచి 4 ఏళ్ళ లోపు పిల్లలకు కూడా శిరస్త్రాణం, నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2022లో ప్రకటించిన నిబంధన 2023 నుంచి అమలులో ఉంది.

ఈసారి ఎవరైనా పడితే బండిని పక్కకు పెట్టండి. ముందు పిల్లల చొక్కా ఎత్తి చూడండి. ఇదే మా మనవి.