మార్కుల లెక్క ముందే చెప్పాలి

ఒక ఆన్‌లైన్ కోర్సులో 20 మార్కుల చొప్పున ఐదు అసైన్‌మెంట్లు ఇచ్చారనుకుందాం. ఒక విద్యార్థి రెండు మాత్రమే రాసి, రెండింటిలోనూ 18 తెచ్చుకున్నాడు. మిగతా మూడింటి జోలికే పోలేదు. అతనికి వచ్చింది ఎంత శాతం? రాయనివాటికి సున్నా వేస్తే 36. అసలు లెక్కలోకే తీసుకోకపోతే 90. ఇందులో ఏ అంకె తెర మీద కనిపించాలో తేల్చేది సెట్టింగుల్లో ఉండే ఒక్క టిక్ మార్క్.

2002లో తొలి వెర్షన్ వచ్చిన మూడిల్‌నే తీసుకుందాం. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఈ వేదిక మీద దేశదేశాల కళాశాలలు, విశ్వవిద్యాలయాలు పాఠాలు నడుపుతున్నాయి. ఎవరూ మార్చకపోతే దాని గ్రేడ్‌బుక్ ఖాళీ గడులను వదిలేసి మొత్తం కడుతుంది. సెమిస్టర్ మధ్యలో అది సబబే. గడువు రాని పనికి సున్నా వేయడం తగదు. గడువు దాటాక కూడా అధ్యాపకుడు ఆ గడిలో సున్నా వేయకపోతేనే చిక్కు. అయిదూ రాసి 80 శాతం తెచ్చుకున్న అమ్మాయి కంటే, మూడు ఎగ్గొట్టిన అబ్బాయి పైన కనిపిస్తాడు. ఆ పొరపాటును సెమిస్టర్ చివర దిద్దితే, అన్నాళ్లూ 90 చూసుకుని ధీమాగా ఉన్న అతను ఒక్కసారిగా 36కి పడిపోతాడు. మొదటి దశలో అమ్మాయికి, రెండో దశలో అబ్బాయికి అన్యాయం జరిగింది.

సగటు కట్టే పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే ఉంది. పది మార్కుల క్విజ్‌లో పదికి పది, వంద మార్కుల పరీక్షలో 40 వచ్చాయనుకుందాం. రెండు శాతాలనూ కూడి సగం చేస్తే 70. మార్కులన్నీ కలిపి 110కి లెక్కిస్తే 45 శాతం చిల్లర. మొదటి పద్ధతిలో పది నిమిషాల క్విజ్, మూడు గంటల పరీక్ష సమానమైపోతాయి. రెండో పద్ధతికీ ఓ ఇబ్బంది ఉంది. వంద మార్కుల ప్రాజెక్టుకు తోడు పది మార్కుల క్విజ్‌లు పది పెడితే ప్రాజెక్టు వెయిటేజీ సగం. మధ్యలో ఉత్సాహపడి మరో పది క్విజ్‌లు చేరిస్తే అది మూడో వంతుకు తగ్గిపోతుంది. ప్రాజెక్టే ముఖ్యమని నమ్మి రాత్రుళ్లు పనిచేసిన విద్యార్థికి ఆ సంగతి చెప్పేవారుండరు.

ఇలాంటి చిక్కులు రాకుండా చూసే మేలైన నమూనా మన దేశంలోనే ఉంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో సాధారణంగా అసైన్‌మెంట్లకు 25, పర్యవేక్షణలో జరిగే చివరి పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సయితే 12 అసైన్‌మెంట్లలో బాగా రాసిన ఎనిమిదింటినే లెక్కిస్తారు. జ్వరమొచ్చినా, ఊళ్లో నెట్ పోయినా నాలుగు వారాల వెసులుబాటు నిబంధనలోనే ఉంది; ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. సర్టిఫికెట్ రావాలంటే 25కి కనీసం 10, 75కి కనీసం 30 విడివిడిగా రావాలి. అందువల్ల 10, 30 కలిపి 40 తెచ్చుకున్నవారికి సర్టిఫికెట్ వస్తుంది. అసైన్‌మెంట్లలో 25కి 25 వచ్చినా, పరీక్షలో 29 దగ్గర ఆగినవారికి మొత్తం 54 ఉన్నా రాదు. పైకి కఠినంగా కనిపించినా ఇందులో న్యాయం ఉంది. ఇంట్లో కూర్చుని రాసే జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారతాయని అందరికీ తెలుసు. పైగా ఈ షరతులన్నీ కోర్సు పేజీలోనే ముందుగా రాసి ఉంటాయి.

ఇప్పుడీ విషయం మరింత పట్టించుకోవాల్సినదైంది. 2016 నాటి యూజీసీ నిబంధనలు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా సెమిస్టర్‌లో 20 శాతం దాకా కోర్సులు చేసుకోనిస్తే, 2021 నిబంధనలు దాన్ని 40 శాతానికి పెంచాయి. ఆన్‌లైన్‌లో వచ్చే మార్కులు ఇక డిగ్రీలో భాగం. క్యాంపస్ ఇంటర్వ్యూకు, పై చదువులకు అర్హతను తేల్చేవి కూడా అవే.

లెక్క ముందే చెబితే పిల్లలు మార్కులు వచ్చేచోటే చదివి మిగతాది వదిలేస్తారని కొందరు అధ్యాపకులు అంటారు. అలా వదిలేయగలిగితే లోపం ఆ వెయిటేజీలో ఉంది, చెప్పడంలో కాదు. నిజంగా నేర్వాల్సిన పనికే ఎక్కువ మార్కులు పెడితే విద్యార్థి లెక్క వేసుకున్నా దాని దగ్గరికే వస్తాడు. ఇవన్నీ చూసుకునే సమయం లేదని అధ్యాపకులు చెప్పే మాటలో మాత్రం నిజముంది. వందలమందికి పాఠం చెబుతూ సెట్టింగులన్నీ ఒంటరిగా వెతుక్కోమనడం సరికాదు. ఆ భారం కళాశాల పంచుకోవాలి.

కళాశాలలూ విశ్వవిద్యాలయాలూ వచ్చే సెమిస్టర్‌కు ముందే నాలుగు పనులు చేయాలి. వెయిటేజీ, గడువు, ఆలస్యానికి కోత, రాయనిదానికి సున్నా ఎప్పుడు వేస్తారన్నది ఒక పేజీలో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి మొదటి క్లాసుకు ముందే ఇవ్వాలి. ఉత్తుత్తి విద్యార్థి ఖాతా తెరిచి, కొన్ని రాసి కొన్ని వదిలేసి, మొత్తం సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవాలి. మొదటి అసైన్‌మెంట్ ఇచ్చాక వెయిటేజీ మార్చకూడదు. తప్పనిసరై మార్చాల్సి వస్తే కారణంతో సహా అందరికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. విద్యార్థులు కూడా మొదటి రోజే ఆ పేజీ అడిగి తీసుకోవాలి. అడగడం వారి హక్కు, ఇవ్వడం సంస్థ బాధ్యత.